ఎడమ చెయ్యి

“బాబూ, వానికి చెప్పప్పా. నూనె పోయకుండా మేకుల గన్ను ముట్టరాదని,” అన్నాడు హంపయ్య.

వాడు, అంటే హంపయ్య అల్లుడు తిప్పేశ్, మూడడుగుల దూరంలోనే మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. మాట వాడి చెవిన పడే ఉంటుంది. అయినా బాబు చేతిలో చెక్క దించి, వాడి వైపు తిరిగి, “నూనె పోయల్లంట,” అన్నాడు.

మూడేళ్లుగా మామా అల్లుళ్ల నడుమ మాటలు మోసేది చెక్కలందించే బాబే. కాంట్రాక్టరు దగ్గర చెక్క నేలకు మేకులు దించే గాలిగన్ను తెలిసినవాళ్లు ఆ ఇద్దరే ఉన్నారు. వాళ్లకు మాటల్లేవని పని ఆగదు కదా. సత్యనారాయణపేటలో ఈ మేడ మీది హాలుకు టేకు నేల పరవాలి. సోమవారం గృహప్రవేశం.

ఎనిమిదింటికి రావాల్సిన తిప్పేశ్ ఆ రోజు పది దాటాక వచ్చాడు. వస్తూనే హంపయ్య ముందు నిలబడి నోరు తెరిచాడు. హంపయ్య ముఖం తిప్పుకున్నాడు. చావు కబురు దాచినోని నోటి నుంచి తాను ఏ మాటా వినననీ, చెప్పేదుంటే బాబుకు చెప్పుకోమనీ గోడతో అన్నట్టు అన్నాడు. తిప్పేశ్ బాబు వైపు చూశాడు. వెళ్లి గన్ను ముందు కూర్చున్నాడు.

చావు కబురు మాట కొత్తది కాదు. హంపయ్య భార్య పోయిన రోజు కూతురు అనుష నిండు చూలాలు. తట్టుకోలేదని తిప్పేశ్ ఆమెకు తల్లి చావు మరునాటిదాకా చెప్పలేదు. అప్పటికి చితి చల్లారింది. తల్లి ముఖం ఆఖరుసారి చూడనివ్వని అల్లుణ్ణీ, అతన్ని వెనకేసుకొచ్చిన కూతుర్నీ హంపయ్య క్షమించలేదు. వాళ్ల ఫోన్లు కూడా ఎత్తడు.

తిప్పేశ్ గన్నులో మూడు చుక్కల నూనె పోశాడు. గాలి పైపు ఒంటిచేత్తోనే నొక్కి తగిలించాడు.

“కండ్లకు అద్దాలేవని అడుగు.”

“అద్దాలప్పా,” అన్నాడు బాబు. తిప్పేశ్ పెట్టుకున్నాడు.

గన్నును ఎడమ చేత్తో చెక్క అంచు మీద అణిచి పట్టాలి. కుడి చేత్తో రబ్బరు సుత్తి దాని నెత్తిన వేస్తే, లోపలి గాలి మేకును ఏటవాలుగా చెక్కలోకి దించుతుంది. తిప్పేశ్ అణిచి పట్టడం లేదు. ఎడమ పిడికిలి మూసి, మణికట్టు ఆనించి కొడుతున్నాడు. గన్ను ఎగిరెగిరి పడుతోంది. మేకుల తలలు పైకి తేలుతున్నాయి.

“పట్టు తెలీనోడి మాదిరి కొడతాండాడు. రాత్రి తాగిందింకా దిగలేదేమో అడుగు.”

“అది నువ్వే అడుగు మిస్త్రీ,” అన్నాడు బాబు. “మీ ఇద్దరి మాటలు మోసి మోసి ఇంట్లో నా పెండ్లాంతో మాట్లాడేకి నాకు మాటలు మిగల్లేదు.” ఇంకో కట్ట చెక్కలు తేవడానికి కిందికి దిగిపోయాడు.

హంపయ్య హాలు అవతలి మూలకు వెళ్లి ఆఖరు వరుస కొలుస్తున్నాడు. ఐదో చెక్క మీద సుత్తి పడింది కానీ గన్ను పలకలేదు. మేకు ఇరుక్కుంది. ఇరుక్కుంటే మొదట పైపు ఊడదీయాలి. అప్పుడు బుస్సుమని గాలి పోతుంది. హంపయ్య ఆ చప్పుడు కోసం ఆగాడు. రాలేదు. తలెత్తాడు.

తిప్పేశ్ గన్నును ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, దాని నోట్లో స్క్రూడ్రైవరు గుచ్చి కెలుకుతున్నాడు. తల దాని మీదికే వంచాడు. పైపు అలాగే ఉంది. దాన్ని ఊడదీయడానికి రెండు చేతులు కావాలి. వాడి ఎడమ చెయ్యి ఇంకా మూసుకునే ఉంది. మేకు కదిలిందా, లోపల బిగిసి ఉన్న గాలి దాన్ని తిన్నగా వాడి గొంతులోకి కొడుతుంది.

గాలి పంపే కంప్రెసర్ కింద వరండాలో ఉంది. దిగి ఆపేంత వ్యవధి లేదు.

“బాబూ,” అని కేకేశాడు హంపయ్య. “గాలి తీయమను వాణ్ణి.”

కింద కంప్రెసర్ మోతలో బాబుకు వినబడలేదు. తిప్పేశ్ వింటున్నట్టే లేడు. హంపయ్య కొలబద్దతో నేల మీద కొట్టాడు. తల ఎత్తలేదు. గన్ను నోట్లో ఇనుము కిర్రుమంది.

హంపయ్య నోరు తెరిచాడు. మూడేళ్లుగా పలకని పేరు ఒకసారికి రాలేదు. రెండోసారి వచ్చింది.

“తిప్పేశా, చెయ్యి తీయ్.”

తిప్పేశ్ చెయ్యి ఆగింది.

హంపయ్య చెక్కల మీదుగా వచ్చి, గన్ను నోరు గోడ వైపు తిప్పి, రెండు చేతులతో పైపు పీకాడు. గాలి బుస్సున పోయింది. మూడేళ్ల తిట్లన్నీ కలిపి అల్లుడి ముఖం మీదే తిట్టాడు. పని నేర్పింది ఇందుకేనా అన్నాడు. తిప్పేశ్ అద్దాలు తీశాడు. వాడి కళ్లు వాచి ఉన్నాయి.

“నీకేమన్నా అయితే నా బిడ్డ గతేంది?” అన్నాడు హంపయ్య. “సుమ్నె నోరు మూసుకుని కూర్చోవద్దు, చెప్పు. ఆ ఎడమ చేతికేమొచ్చిందిరా?”

తిప్పేశ్ పిడికిలి విప్పాడు. అరచేతిలో అచ్చు పడేలా నొక్కుకుపోయి వెండి మెట్టెలు ఉన్నాయి.

“బాబు నోట చెప్పించే మాట కాదనుకుంటి మామా,” అన్నాడు. “పొద్దున ఆరింటికి ఆసుపత్రిలో అనుష పాయె. ఈతూరి దాచలేదు. ముఖం చూద్దువు రా.”