‘ఆపరాదు’ అన్న బోర్డు

నా బిడ్డ ప్రమోద అమీర్‌పేటల ఒక మేడ మీద సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల ఉన్నది. కింద గల్లీల, ట్రాఫిక్ పోలీసోళ్లు నెల రోజుల ట్రయల్ అని కొత్త బోర్డు పెట్టిండ్రు: ‘వాహనములు ఆపరాదు’. సంబురంగ స్కూటర్ ఆపిన.

కోస్తా దిక్కు కానిస్టేబుల్ సారు వచ్చిండు. “ఏంటి పెద్దాయనా, బోర్డు చదవలేదా? బండి స్టేషన్‌కి తీసుకెళ్తా.”

“చదివే ఆపిన సారూ! మా సిరిసిల్లల రారాదు అంటె రమ్మని, కూసోరాదు అంటె కూసోమని. గంత ప్రేమగ ఆపరాదు అంటె ఆపకుంట ఎట్ల పోత?”

సారు హ్యాండిల్ పట్టిండు. అప్పుడే ప్రమోద ఉరికొచ్చింది. “బాపూ, ఉద్యోగమొచ్చింది!”

నా కండ్లల్ల నీళ్లు ఆగలే. సంచిలకెళ్లి లడ్డు తీసి సారు నోటికాడ పెట్టిన.

“డ్యూటీలో తినరాదు!”

“గదే సారూ, జర తినరాదు!”

సారు హ్యాండిల్ ఇడిచిండు, తిన్నడు. మూతి తుడుసుకొని మా లెక్కనే అన్నడు: “ఇంక బండి తియ్యరాదు, పెద్దాయనా!”