బాయిలర్ నీళ్లు

దశరథం అయిదు లీటర్ల డబ్బాను డాక్టర్ నీరజ బల్ల మీద టక్కున పెట్టాడు.

"జర ఆగుండ్రి మేడం. ఆ రిపోర్టుల ఏమున్నదో నేనే చెప్త. నా గుండెల కవాటం ఇంకా కొత్తగనే ఉన్నది. అవునా, కాదా?"

పశువు గుండె పొరతో చేసిన ఆ కవాటం పెట్టి అయిదేళ్లయింది. సున్నం కట్టి బిగుసుకుపోతే మళ్లీ ఛాతీ కోయాలి. ఆ మాట ఆనాడే దశరథం చెవిలో పడింది, ఇప్పటికీ బయటికి పోలేదు.

"అవును. సున్నం జాడే లేదు," అంది నీరజ. "ఈ డబ్బా ఏమిటి?"

"మందు! పాండేసర బట్టల మిల్లుల బాయిలర్ నడుపుత నేను. నల్లా నీళ్లు పోస్తే గొట్టాలకు సున్నం కడ్తది. సున్నం తీసిన ఈ నీళ్లు పోస్తే అద్దం లెక్కుంటయి. మరి గుండెకు వేరే కాయిదనా? అయిదేండ్ల సంది దినాం ఒక డబ్బా ఇంటికి తెచ్చుకుంటున్న. తియ్యగుంటయి గూడ. మీ పేషెంట్లందరికీ రాయుండ్రి."

మెరిసిపోతున్న తెల్ల చొక్కా కాలరు సర్దుకున్నాడు. పక్కన భార్య ఊర్మిళ నేల చూస్తోంది.

నీరజ నవ్వలేదు. "తాగే నీళ్లకూ కవాటానికీ సంబంధం లేదు దశరథం గారూ. సున్నం పట్టకుండా ఆ పొరను ముందే శుద్ధి చేసి పెట్టాం. అది పనిచేస్తోంది. ఇంతకీ మిల్లు నీళ్లలో సున్నం ఎలా తీస్తారు?"

"ఉప్పుతోని..." దశరథం డబ్బా వైపు చూశాడు.

"ఉప్పు తగ్గించమని నేను చెప్పిన మనిషి అయిదేళ్లుగా ఈ నీళ్లు తాగుతున్నారా!"

దశరథం చెయ్యి తనంతట తానే ఛాతీ మీదికి పోయింది. ఇన్నేళ్లూ డబ్బా మోసిన చెయ్యే. ఆ బరువే తన ధైర్యమనుకున్నాడు.

"మరి బీపీ ఇంత బాగా ఎలా ఉంది?" నీరజ మళ్లీ రిపోర్టు చూసింది.

"ఆయన తాగలే మేడం," అంది ఊర్మిళ. "మొదటి దినమే నాలికె మీద ఏస్కొని చూసిన. ఉప్పగ తగిలినయి. అప్పటి సంది నల్లా నీళ్లే కాచి ఆ డబ్బల పోస్తున్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నీకు నిద్ర పడ్తుండెనా?"

"అయిదేండ్లు! నేను మోసుకొచ్చిన నీళ్లన్నీ మోరిల పోసినవా?"

"మోరిల ఎందుకు పోస్త? నీ అంగీ గింత తెల్లగ ఎట్లున్నదనుకున్నవ్?"