‘అయ్యో’ అంటే మార్కులు కట్

“అక్కయ్యా, కస్టమర్‌తో మళ్లీ ‘అయ్యో’ అన్నారు! తెర మీది స్క్రిప్టులో ఆ మాట ఉందా?” అంటూ సూపర్‌వైజర్ విరుచుకుపడ్డాడు.

ఫ్రిజ్‌ల కంపెనీ కాల్‌సెంటర్‌లో ఆవిడ అందరికీ అక్కయ్యే. “లేదు సార్. చంటిబిడ్డ మందులు పాడైపోయాయని ఆ తల్లి ఏడుస్తుంటే నోరు జారింది.”

“జారకూడదు. మార్కులు కట్!” అని, అదే నోటితో కొత్త సరుకును పొగడడం మొదలుపెట్టాడు. “నిన్నటి నుంచి సగం కాల్స్ ఏఐ తీసుకుంటోంది. అచ్చం మనిషే అనుకోండి! నిట్టూరుస్తుంది, ‘అయ్యో పాపం’ అంటుంది. ఆ ముక్క నేర్పించడానికే తల ప్రాణం తోకకొచ్చింది.”

“నాకు నేర్పించకుండానే వచ్చు కదా సార్!”

“మీరంటే తప్పు. అదంటే టెక్నాలజీ.”

ఇంతలో కాల్ వచ్చింది. అక్కయ్య బుద్ధిగా తెర చూసి అప్పజెప్పింది. “నమస్కారం. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఫిర్యాదు మాకెంతో ముఖ్యం.”

“ఛ, మిషన్ తగిలింది!” అని అవతల ఓ పెద్దాయన విసుక్కున్నాడు. “నువ్వొద్దు గానీ, నిన్న మాట్లాడిన అమ్మాయికి కలుపు. ఆ పిల్ల మనిషి. నా గోడంతా విని ‘అయ్యో పాపం’ అంది.”

నిన్న ఆయనతో మాట్లాడింది ఏఐ అని తెర మీద కనిపిస్తూనే ఉంది. అక్కయ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడి ఉన్నా ఆగలేకపోయింది.

“అయ్యో!”

“హమ్మయ్య,” అన్నాడు పెద్దాయన, “ఇప్పటికి మనిషికి కలిపారు!”