వెనక నిలబడ్డ మనిషి

"నూటికి మూడు," అన్నాడు తెర మీద విశ్లేషకుడు. "ఈ జట్టు గెలిచే అవకాశం నూటికి మూడు. అదీ జాలిపడి చెబుతున్నా."

హాలంతా నవ్వింది.

వేదిక పక్క గదిలో కూర్చున్న ఐదుగురు మాత్రం నవ్వలేదు. ఆ జట్టు వాళ్ళదే.

"నెల క్రితం సున్నా అన్నాడు కదన్నా," అన్నాడు కొత్తవాడు. "ఇది నయమే."

కెప్టెన్ తెర వైపు వీపు తిప్పి కూర్చున్నాడు.

నెల క్రితం ఇదే పెద్దమనిషి, "ఆ ఐదోవాడి వేళ్ళు ముసలివైపోయాయి, అతన్ని మారిస్తే గానీ వీళ్ళు బాగుపడరు" అని తేల్చేశాడు. వీడియో గేముల పోటీల్లో ముప్పై దాటితే ముసలివాళ్ళ కిందే లెక్క. అందరూ బాబాయ్ అని పిలిచే ఆ ఐదోవాణ్ణి కెప్టెనే తప్పించి, ఈ కొత్తవాణ్ణి తీసుకున్నాడు. ఫోన్లో అసలు మాట వదిలేసి ఏవేవో మాట్లాడాడు. చివరికి బాబాయే ఓదార్చాడు.

"జట్టు నిలబడాలి కదరా. నాదేముంది?"

వాళ్ళది చిత్రమైన స్నేహం. ఎవరి ఊళ్ళో వాళ్ళు, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని రెండేళ్ళు కలిసి ఆడారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నది ఈ పోటీకి వచ్చాకే.

ఇవాళ ఓడితే జట్టు రద్దు. నడిపే కంపెనీ ముందే చెప్పేసింది.

పొద్దుటినుంచీ ఒక వాలంటీరు వాళ్ళని అంటిపెట్టుకుని తిరుగుతున్నాడు. మెడలో గుర్తింపు బిళ్ళ, నెత్తిన టోపీ, నోట మాట లేదు. అడగకముందే నీళ్ళు తెచ్చాడు. కుర్చీల ఎత్తు సరిచేశాడు. ఏమడిగినా తలూపడమే.

"పాపం, మూగవాడనుకుంటా," అన్నాడు జట్టులో ఒకడు.

"చెవులు బాగానే పనిచేస్తున్నాయిలే," అన్నాడు కెప్టెన్. "మనం ఎత్తులు మాట్లాడుకుంటుంటే పక్కనే తచ్చాడుతున్నాడు. అవతలి జట్టు పంపిన మనిషేమో."

మూడు ఆటల్లో రెండు గెలవాలి. మొదటిది ఓడిపోయారు, అదీ చిత్తుగా. కొత్తవాడి చేతులు వణికాయి. చెమటకి మౌస్ జారిపోయింది.

విరామంలో కెప్టెన్ మొహం కడుక్కుని వచ్చేసరికి ఆ వాలంటీరు కొత్తవాడి వెనక నిలబడి, కీబోర్డు మీదికి వంగి ఉన్నాడు.

కెప్టెన్‌కి ఒళ్ళు మండింది.

"ఏం చూస్తున్నావక్కడ? ఎవరు పంపారు నిన్ను?"

వాలంటీరు నోరు తెరిచి, మళ్ళీ మూసేశాడు.

"అన్నా, ఆయన..." అన్నాడు కొత్తవాడు.

"నువ్వాగు. చూడు, ఇంకోసారి మా వెనక కనిపించావంటే బాగుండదు. వెళ్ళిక్కణ్ణించి."

అతను చేతిలోని తువ్వాలు కొత్తవాడి ఒళ్ళో పెట్టి, భుజం తట్టి వెళ్ళిపోయాడు. కెప్టెన్ అంతటితో ఊరుకోలేదు. నిర్వాహకులకి చెప్పి అతన్ని బయట సామాన్లు మోసే పనికి మార్పించాడు.

రెండో ఆట గెలిచారు.

మూడోదీ గెలిచారు. చివరి దెబ్బ కొట్టింది కొత్తవాడే. "నాకు ముందే అనుమానం వచ్చింది," అన్నాడు తెర మీద విశ్లేషకుడు.

కెప్టెన్ కొత్తవాణ్ణి కావలించుకుని ఏడ్చేశాడు.

"ఆ వణుకు ఎలా పోయిందిరా?"

"ఆయన వల్లే అన్నా. ఒక్కో వేలూ తుడిచాడు. నా చేతులు తన చేతుల్లో పెట్టుకుని వెచ్చబడేదాకా వదల్లేదు. మౌస్ కూడా తనే తుడిచి పెడుతున్నాడు, ఇంతలో నువ్వొచ్చావు."

కెప్టెన్‌కి తల కొట్టేసినట్టయింది. వాలంటీర్లని చూసుకునే ఆవిడ దగ్గరికి పరుగెత్తాడు.

"అక్కా, ఆ మూగాయన ఎక్కడున్నారు? క్షమాపణ చెప్పుకోవాలి."

"మూగాయనా?" ఆవిడ నవ్వింది. "మీ జట్టు దగ్గరే పని వెయ్యమని పొద్దున్న నా బుర్ర తినేశాడు. తను మాట్లాడితే మీ ఆట చెడుతుందట. అందుకని మీ దగ్గర మాత్రం నోరు విప్పనన్నాడు."

ఆవిడ బల్ల మీది వాకీటాకీ గరగరలాడింది.

"అక్కా, నా బస్సు వచ్చేసింది. బిళ్ళా, ఈ వాకీటాకీ గేటు దగ్గర ఇచ్చేస్తున్నా. మనవాళ్ళు గెలిచారటగా. నాకది చాలు."

కెప్టెన్ ఆ వాకీటాకీ లాక్కుని మీట నొక్కాడు. "ఆగు, ఒక్క నిమిషం ఆగు," అన్నాడు. అవతల గరగర కూడా ఆగిపోయింది.

ఇవాళ్టిదాకా మొహం చూడకపోయినా ఆ గొంతు అతను నిద్రలోనైనా గుర్తుపడతాడు, అది బాబాయిది.