చెత్త కింద తీసేసిన బాధ

కార్మిక కార్యాలయంలో ఇప్పుడెవరూ ఫిర్యాదు రాయరు. తలకు పట్టీ కట్టుకుని కూర్చుంటే మెదడు తరంగాలే చెబుతాయి. వాటిలో కలిసిన రెప్పపాట్లనూ గుండె చప్పుళ్లనూ చెత్త కింద తీసేసి, మిగిలినదాన్ని పై అధికారికి పంపడం నా పని. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. ఇంతవరకు ఏ నిబంధనా మీరలేదు.

మిర్చి గోదాములో తొడిమలు తీసే సామ్రాజ్యం అనే ఆవిడ వచ్చింది. ఘాటుకు ఆమె కళ్లు మండుతున్నాయి, గుండె దడ వస్తోంది. బాధ ఉందని తేలితేనే యజమాని వైద్యం చేయించాలి. నేను శుభ్రం చేశాక తెర మీద "బాధ లేదు" అని వచ్చింది. కళ్లవీ గుండెవీ తీసేశాక అలాగే వస్తుందని ఆమెకు చెప్పాను.

"నా కళ్లూ గుండే తీసేశాక ఇంకేం మిగిలిద్దమ్మాయ్? నా కొప్పా?" అని ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

శుభ్రం చేయని రికార్డింగునే పంపాను. అధికారి ఫణీంద్రగారు పరుగున వచ్చారు.

"ఏంటమ్మా ఈ చెత్త? వెంటనే శుభ్రం చేసి పంపు. లేకపోతే నీ ఉద్యోగానికే ఎసరు."

"పోతే పోనివ్వండి సార్. మీరు చెత్తన్నదే ఆమె ఫిర్యాదు."

ఆయన చూస్తుండగానే శుభ్రం చేసే యంత్రాన్ని ఆపేశాను. గుమ్మం బయట వరసలో తుమ్ముతూ నిలబడ్డ గోదాము ఆడవాళ్లను పిలిచాను.

"తర్వాత ఎవరు? రా పిన్నీ, కూర్చో."