మనిషి చెయ్యి పడని గుంట

"మే నెలలో గుంటలో నీళ్ళు చుక్క తగ్గకపోవడం ఏంటండీ బుల్లిబాబు గారూ?" అని మైథిలి మేడమ్ అడిగేసరికి క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

చివరి బెంచీలోంచి బుల్లిబాబు లేచి నిలబడ్డాడు. నలభై ఆరేళ్ళ మనిషి. జగ్గయ్యపేటలో పురుగుమందుల కొట్టు. ఆదివారం వచ్చిందంటే బ్యాగు తగిలించుకుని, బస్సెక్కి నందిగామ వచ్చి, జీవశాస్త్రం, పర్యావరణం మీద దూరవిద్యలో పెట్టిన ఏడాది కోర్సు క్లాసులో కూర్చుంటాడు. వారమంతా పురుగుల్ని చంపే మందులు అమ్మి, ఆదివారం పురుగులు ఎంత గొప్పవో నోట్సు రాసుకునేవాడు ఆ క్లాసులో తనొక్కడే. తలుచుకుంటే ఆయనకే నవ్వొస్తుంది.

"ప్రకృతి కదండీ మేడమ్," అన్నాడు. "మనిషి చెయ్యి పడకపోతే తనని తనే కాపాడుకుంటుందండి. ప్రాజెక్టులో అదే రాసా."

"రాశారు, బానే ఉంది. నేనొకసారి కళ్ళతో చూడాలి. మనిషి చెయ్యి పడిందని తేలితే మాత్రం ప్రాజెక్టు కొట్టేస్తాను. మళ్ళీ వచ్చే ఏడే మీరు రావడం."

సర్టిఫికెట్టు మీద బుల్లిబాబుకి మోజేమీ లేదు. ఇదంతా కూతురితో వేసిన పందెం.

కిందటేడు నీహారిక ఇంటర్ జువాలజీలో తప్పింది. మళ్ళీ పరీక్ష కట్టనంది. కాలేజీ ఊసెత్తితే గది తలుపు వేసుకునేది. "ఆ మాత్రం జువాలజీ నేనైతే నిద్రలో రాసేద్దును!" అని ఈయన నోరు జారాడు.

"అయితే చదివి చూపించు నాన్నా. నువ్వు పాసైతే నేనూ కడతా. లేదంటే నా చదువు జోలికి రాకు" అంది పిల్ల.

నోరు అదుపులో ఉండి ఉంటే ఈ వయసులో బ్యాగు మోసే ఖర్మ పట్టేది కాదు. అయినా పంతానికి చేరాడు. పిల్ల చదువు అక్కడితో ఆగిపోతుందేమోనన్న భయం మరి.

గుంట ఆయన చేలోనే ఉంది. ఒకప్పుడు రాయి తీసి వదిలేసిన మూల, నులకమంచం అంత ఉంటుంది. వానాకాలం నిండిన నీళ్ళు. అందులో కప్పలు, తూనీగలు, పేరు తెలియని నీటి పురుగులు. చుట్టూ తుమ్మకంప వేసి, 'మనుషులకు ప్రవేశం లేదు' అని బోర్డు పెట్టాడు. అట్ట దొరక్క కొట్లో పడి ఉన్న మందు కంపెనీ ఫ్లెక్సీని వెనక్కి తిప్పి రాశాడు. గాలికి అది తిరగబడినప్పుడల్లా 'ఒక్క పిచికారీతో సర్వనాశనం' అని కనిపిస్తుంది. కప్పలకి చదువు రాకపోవడం ఆయన అదృష్టం.

పెళ్ళాం పిల్లల్ని కూడా అటు పోనివ్వలేదు. తనూ సోమవారం పొద్దున ఒక్కసారి వెళ్ళి, కంప బయటే నిలబడి, గుంటలో పాతిన కర్ర మీది గీత చూసుకుని వచ్చేవాడు. చుట్టుపక్కల గుంటలన్నీ నెర్రెలిచ్చాయి. ఇది మాత్రం గీత దిగలేదు. అడుగున ఊట ఉందని తేల్చేశాడు. తన కొట్టు చేసిన పాపాలన్నీ ప్రకృతి క్షమించేసిందని మురిసిపోయాడు. కొట్టుకి వచ్చిన రైతులకి ఈ సంగతి చెప్పీ చెప్పీ, మందు అమ్మడం మర్చిపోయేవాడు.

ఇంట్లో మాత్రం నీహారికది ఒకటే ప్రశ్న.

"ఇంకా ఎండలేదా నాన్నా?"

"ఎండదు. ఎండాలని నీకెంత ఆశో!"

పిల్ల నవ్వేది. ఆదివారం సాయంత్రం ఈయన నందిగామ నుంచి వచ్చేసరికి ఒళ్ళు తెలియకుండా నిద్రపోతూ ఉండేది.

"పుస్తకం ముట్టుకోకుండానే ఎంత అలిసిపోయిందో చూడవే నీ కూతురు!" అని భార్య మీద ఎగిరేవాడు.

"పిల్ల జోలికి వెళ్ళకండి. ముందు అన్నం తినండి" అనేది భారతీదేవి.

తినేవాడు గానీ సయించేది కాదు. తను ఎప్పుడు తప్పుతాడా అని కన్న కూతురే ఎదురు చూస్తుంటే ఏ తండ్రికి బావుంటుంది? బుల్లిబాబుకి చాలా బాధగా ఉండేది.

"చెప్పి వస్తే సర్దేస్తారు. ఇప్పుడే వెళ్దాం పదండి, కారుంది" అన్నారు ఆ పూట క్లాసు అవగానే మైథిలి మేడమ్.

సర్దడానికి ఏముంది గనక! బుల్లిబాబు ధైర్యంగా కారెక్కాడు. హైవే పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు.

"మనిషంత దుర్మార్గపు జంతువు ఇంకోటి లేదండి మేడమ్. చేతులు పెట్టిందల్లా పాడు చేస్తాడండి."

"మీ కొట్లో ఏం అమ్ముతారన్నారు?"

"అదేనండి నేను చెప్పేదీనూ" అని తల దించుకున్నాడు.

చేను గట్టు దగ్గర కారాగింది. మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. అడుగుల చప్పుడుకి కప్పలు బెదురుతాయని బుల్లిబాబు చెప్పులు విడిచాడు. రెండడుగులు వేసేసరికి అరికాళ్ళు చుర్రుమన్నాయి. అయినా మేడమ్ చూస్తున్నారు గనక పళ్ళు బిగించి, గెంతుతున్నట్టు కనపడకుండా గెంతుతూ నడిచాడు.

"అదిగోనండి మేడమ్, నీళ్ళు! మనిషన్నవాడి జాడ ఎక్కడైనా ఉందేమో మీరే చూడండి" అంటూ కంప మీదుగా తొంగి చూశాడు.

చేను ఆ చివరనున్న బోరు నుంచి మోసుకొచ్చిన ఎన్నో బిందెనో గుంటలోకి వంచుతూ, ముఖమంతా చెమటలతో నీహారిక కప్పలతో అంటోంది: "ఇంకొన్నాళ్ళు ఎలాగోలా బతికుండండ్రా, మా నాన్న పాసైతేనే గదా నేను మళ్ళీ పరీక్ష కట్టేది!"