వాండాకి నచ్చని సినిమాలు

"చూస్తూ ఉండు, ఆ పడవ నడిపేవాడే చంపుంటాడు," అంది వాండా పావ్లిక్, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఇప్పటి సినిమాల్లో ఎవడు మెత్తగా నవ్వితే వాడే హంతకుడు. చూసీ చూసీ విసుగొచ్చేసింది."

బోజెనా తలూపింది. ఆవిడ సినిమా కోసం రాలేదు. మోకాళ్ల నొప్పులతో పొద్దున్నే రైలెక్కి తోరున్ ఊరి దాకా వచ్చింది వదిన చేత ఒక్క మాట అనిపించడానికి. వచ్చే శనివారం మేనల్లుడు కోన్రాడ్ పెళ్లి. వాండాకి వాడొక్కడే కొడుకు. ఆవిడ వస్తాననాలి.

మధ్యాహ్నం కోడి సూపు తాగుతూ ఆ మాట కదిపింది. వాండా ఆ సూపులో ఇంకో గరిటె సేమియా వడ్డించింది. శుభలేఖ తీసి బల్ల మీద పెడితే, దాని మీదే జున్ను కేకు పళ్లెం పెట్టి టీవీ ముందు కూర్చుంది.

తల్లీకొడుకుల గొడవ ఇవాళ్టిది కాదు. కోన్రాడ్ ఫార్మసీ చదువు మధ్యలో మానేసి నాటకాల్లో చేరాడు. తండ్రి పోయిన సాయంత్రం ఎక్కడో వేషం కట్టి ఉన్నాడు, కబురందినా ఆట ముగిశాకే బయల్దేరాడు. సమాధి దగ్గర అందరూ వింటుండగా వాండా అనేసింది, ఇక నీ గొంతు నా చెవిన పడకూడదని. ఆ తర్వాత వాడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా పెట్టేసింది. కొన్నాళ్లకి వాడూ మానుకున్నాడు. అప్పట్లో బోజెనా కూడా వదిన పక్షమే, వాడితో మాటలు మానేసింది. అందుకే శుభలేఖ ఇవ్వడానికి వాడు రాలేదు. పెళ్లికూతురు కింగా వచ్చి, అత్తగారిని ఎలాగైనా ఒప్పించమని కళ్లనీళ్లు పెట్టుకుంది.

తెర మీద ఏదో ఉత్తరాది ద్వీపం. జోరున వాన. గొడుగైనా లేని డిటెక్టివు ఒకడు శవం పక్కన నిలబడి ఉన్నాడు.

"పాపం, జలుబింకా తగ్గినట్టు లేదు," అంది వాండా.

"అలా తడిస్తే జలుబు చెయ్యదూ?" అంది బోజెనా.

వాండా ఆవిడ వైపోసారి చూసి, మళ్లీ సినిమాని తిట్టడంలో పడింది. ఆ డిటెక్టివు కూడా పెళ్లాన్ని వదిలేసినవాడేనట, తాగుబోతేనట, అసలు ఇంటికెళ్లి వేళకింత తిని పడుకునే పోలీసే ఉండడట ఈ సినిమాల్లో. అన్నీ చీకట్లోనే తీస్తారు, కరెంటు బిల్లు వాళ్లు కట్టాలా? ఇక కుటుంబ కథలైతే మరీ ఘోరం. మొగుడూ పెళ్లాం చెరో కిటికీలోంచి పావుగంట బయటికి చూస్తారు, దాన్ని దుఃఖమంటారు. మన రోజుల్లో ఏడుపొస్తే ఏడ్చేవాళ్లం.

"ఇంకోటి చూశావా? ఏ తప్పు జరిగినా చివరికి తిప్పి తిప్పి తల్లి మీద పెడతారు."

సందు దొరికిందనుకుంది బోజెనా. "వదినా, శనివారం..."

"ఆగు, మాట్లాడుతున్నారు."

బోజెనాకి నీరసం వచ్చింది. దానికి తోడు ఈ పరదేశపు సినిమాలంటేనే ఆవిడకి నిద్ర. హంతకుడైనా, ముసలమ్మైనా, పసిపిల్లైనా, అందరి మాటలూ పోలిష్‌లో ఒకే మగమనిషి చదువుకుంటూ పోతాడు, రైళ్ల రాకపోకలు చెప్పినంత చప్పగా. పుట్టిన దగ్గర్నుంచీ ఇంతే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మనవరాలు మాత్రం ఆ చదువు తీసేసి, కింద అక్షరాలు పెట్టుకుని చూస్తుంది. నీక్కూడా అలా పెట్టనా అంటూ బోజెనా రిమోట్ అందుకోబోయింది. వాండా చటుక్కున లాక్కుని ఒళ్లో పెట్టుకుంది.

"ఆ చీమల్లాంటి అక్షరాలు నాకు కనపడవు. దాని జోలికెళ్లకు."

"ఇంత విసుగైతే ఎందుకు చూడ్డం మరి?"

"ఆదివారం ఇంకేం పనుంది నాకు?"

తెర మీద, చెయ్యని నేరానికి జైల్లో పడ్డ కుర్రాడు ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. అమ్మా, నేనే, పడుకున్నావా అని అడుగుతున్నాడు.

"లేదురా," అంది వాండా, చాలా మెల్లిగా.

బోజెనా గిరుక్కున ఆవిడ వైపు తిరిగింది. మనిషి ఒంటరితనంతో మతి చెడి, టీవీతో మాట్లాడే స్థితికి వచ్చింది. కన్న కొడుకు ఫోన్ చేస్తే పెట్టేస్తుంది, తెర మీద ఎవడో పరాయివాడు అడిగితే జవాబిస్తుంది. జాలీ కోపమూ కలిసి వచ్చాయి ఆవిడకి. ఈసారి మొహమాటపడలేదు.

"వాడు తప్పు చేశాడు, కాదన్ను. కానీ పెళ్లికి కూడా వెళ్లకపోతే ఇక నువ్వూ లేవు, వాడూ లేడు. రాయిలా ఎలా కూర్చున్నావు వదినా? వాడు ఎలా ఉన్నాడో, ఏం తింటున్నాడో ఒక్కసారైనా ఎవర్నైనా అడిగావా?"

వాండా గ్లాసులో చల్లారిన టీని చెంచాతో తిప్పుతూ కూర్చుంది. పడవవాడు దొరికిపోయాడు. "చెప్పానా," అంది, ఆ గెలుపులో ఏ సంబరమూ లేకుండా.

పేర్లు పడడం మొదలైంది. బోజెనా మోకాళ్లు పట్టుకుని లేచి కోటు వేసుకుంది. వచ్చిన పని కాలేదు. ఆ పిల్ల కింగాకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియడం లేదు.

"వస్తాను వదినా. నీ కొడుకు నీకక్కర్లేదని చెబుతాలే."

"కూర్చో. ఇంకా అవలేదు."

"పడవవాణ్ణి పట్టుకున్నారుగా, ఇంకేం మిగిలింది?"

వాండా ఒళ్లోని రిమోట్ అందుకుంది. టీవీ సౌండు పెంచి, ముందుకు వంగింది. చదివే మనిషి అదే చప్పటి గొంతుతో సినిమా పేరు చెప్పాడు, మాటలు తర్జుమా చేసినావిడ పేరు చెప్పాడు, చిన్నగా దగ్గాడు.

"చదివింది, కోన్రాడ్ పావ్లిక్."